సముద్రతీర చారిత్రక ప్రేమ నవల: ఏ రేవు, ఏ కాలం ఎంచుకోవాలి?

సముద్రపు ఒడ్డున చేజారిన ప్రేమ, దాని పక్కనే కడదాకా నిలిచిన స్నేహం, రెంటికీ వెనక కదిలే చరిత్ర. ఇలాంటి నవల రాయడానికి పూనుకున్న తెలుగు రచయితకు మొదటి చిక్కు రేవు దగ్గరే ఎదురవుతుంది. కాకతీయుల నాటి మోటుపల్లా? గోల్కొండ సుల్తానుల బందరా? ఉప్పెన మింగిన కోరంగా? డచ్చి సమాధుల భీమిలా? రంగూన్ ఓడలు కదిలిన కాకినాడా? బాంబులు పడిన విశాఖా? అన్నీ ఊరించేవే. చాలామంది మనసుకు అందంగా తోచిన తీరాన్ని పట్టుకుని మొదలుపెడతారు. కొన్ని అధ్యాయాలు గడిచాక కథ ఇసుకలో దిగబడుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ కాలం ఇద్దరు మనుషుల్ని ఎలా విడదీసేదో చూసి రేవును ఎంచుకోవాలి. వెన్నెల, కెరటాలు, సరుగుడు తోపులు అన్ని తీరాల్లోనూ దొరుకుతాయి. ఎడబాటు మాత్రం ప్రతి రేవుకూ వేరు.

ముందుగా చూసుకోవలసినవి

అన్నిటికన్నా ముఖ్యం ఎడబాటుకు కారణం. ఉత్తరం అందకపోవడం, అపార్థం, పంతం ఏ ఊళ్లోనైనా ఏ శతాబ్దంలోనైనా జరుగుతాయి. కథ వాటి మీదే నడిస్తే చరిత్ర నాటకంలో వెనక తెరలా వేలాడుతూ ఉండిపోతుంది. గాలి వాలు, కరువు, వలస ఒప్పందం, యుద్ధం, ఉప్పెన, చట్టం: విడదీసేది ఆ కాలానికీ ఆ రేవుకూ మాత్రమే చెందినదై ఉండాలి. కథను వందేళ్లు అటో ఇటో జరిపి చూడండి. చెక్కుచెదరకుండా నిలబడితే మీరింకా కాలాన్ని ఎంచుకోలేదన్నమాట.

రెండోది స్నేహం. ఈ తరహా కథల్లో స్నేహితురాలికి చీటీలు మోసే పని తప్ప మరొకటి దక్కదు. అది నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం. ప్రేమ పోయాక మిగిలేది ఆమే. పోయిన మనిషి ముఖాన్ని గుర్తుంచుకునేదీ, ఆ కథను మరొకరికి చెప్పగలిగేదీ ఆమే. కాబట్టి ఆ కాలంలో ఇద్దరు ఆడవాళ్లు, లేదా ఇద్దరు మగవాళ్లు, రోజూ ఒకచోట కలిసి చేసే పని ఏమిటో తెలియాలి. పంచుకునే పని దొరికితే స్నేహం దానంతట అదే పెరుగుతుంది.

ఆ తర్వాత ఆధారాలు. శాసనం, కంపెనీ లెక్కలు, జిల్లా మాన్యువళ్లు (ప్రభుత్వం అచ్చువేసిన జిల్లా వివరాల పుస్తకాలు), పత్రికలు, బతికున్నవారి జ్ఞాపకాలు: వీటిలో మీకు ఏవి అందుబాటులో ఉన్నాయి, ఏవి మీరు చదవగలరు? సంభాషణ సంగతీ ఆలోచించుకోవాలి. 13వ శతాబ్దపు నావికుడు ఏ తెలుగు మాట్లాడతాడు? 1930లలోని మిల్లు కూలీ మాట పట్టుకోవడం దానికన్నా ఎంతో సులువు. చివరగా ఓడ. తెరచాప కాలంలో మనిషి గాలి కోసం ఎదురుచూస్తాడు, పొగ ఓడల కాలంలో టికెట్టు కోసం ఎదురుచూస్తాడు. కథ నడకే మారిపోతుంది.

| తీరం, కాలం | విడదీసేది | స్నేహం పెరిగే చోటు | ఆధారాలు | సంభాషణ |
|---|---|---|---|---|
| మోటుపల్లి, 13వ శతాబ్దం | ఓడ పగలడం, పరదేశి తిరిగి వెళ్లడం | గుడి, బజారు | శాసనం, యాత్రికుడి మాటలు. చాలా తక్కువ | చాలా కష్టం |
| బందరు, 17వ శతాబ్దం | గాలి వాలు, కరువు, బానిస వ్యాపారం | అద్దకపు పని | పుష్కలం, ఎక్కువగా పరభాషల్లో | కష్టం |
| కోరంగి, 1832–39 | కరువు, వలస, ఉప్పెన | ఓడల మరమ్మతు, పల్లెకారుల వాడలు | మధ్యస్థం | ఫరవాలేదు |
| భీమిలి, 19–20 శతాబ్దాలు | దొరతనం మారడం, రేవు క్షీణించడం | గోగునార గిడ్డంగులు | మధ్యస్థం | ఫరవాలేదు |
| కాకినాడ–రంగూన్, 1930–42 | వలస, అల్లర్లు, యుద్ధం | ఇంటి దగ్గర మిగిలిన ఆడవాళ్లు, మిల్లు బారకాసులు | పుష్కలం, తెలుగులోనే | సులువు |
| విశాఖ, 1942 | బాంబుదాడి, ఊరు ఖాళీ కావడం | విద్యార్థి వసతి గృహం | పుష్కలం | సులువు |

మోటుపల్లి: చిన్న నవలకు చాలు

నేటి బాపట్ల జిల్లాలో ఉన్న ఈ పల్లె ఒకప్పుడు కాకతీయుల ప్రధాన రేవు. గణపతిదేవుడు 1244–45లో ఇక్కడ వేయించిన అభయ శాసనమే ఒక నవలకు ఆరంభం కాగలదు. అంతకుముందు తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలోని సరుకంతా రాజుల పరమయ్యేది. ప్రాణాలకు తెగించి సంపాదించుకున్న ధనం వర్తకులకు ప్రాణంతో సమానమని తలచి, నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోమని రాజు మాటిచ్చాడు. గంధం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగు దంతం, పట్టు, పగడం, మిరియాలు ఆ శాసనంలో పేరుపేరునా కనిపిస్తాయి. అదే శతాబ్దం చివర్లో ఈ రాజ్యం గురించి రాసిన మార్కో పోలో ఇక్కడి బట్ట సాలెగూడంత పలచనని, ఇక్కడి రాణి న్యాయం తప్పనిదని మెచ్చుకున్నాడు.

ఓడ పగిలి ఒడ్డుకు చేరిన పరదేశి, అతని సరుకుకు కాపలా కాసిన మనిషి, వారి మధ్య పుట్టిన నెయ్యం. ఇంతవరకు బాగానే ఉంది. అయితే మామూలు మనుషుల దినచర్య గురించి దొరికేది బహు కొంచెం. నాలుగు వందల పేజీలు నింపాలంటే సగం ఊహే అవుతుంది. పైగా సంభాషణ గ్రాంథికంలో నడిపితే గుండె కదలదు, నేటి మాటల్లో నడిపితే కాలం నిలవదు. కథనం ఎక్కువగా, సంభాషణ తక్కువగా ఉండే నూట యాభై పేజీల నవలికకు మోటుపల్లి సరిపోతుంది. అంతకు మించి లాగకండి.

బందరు: ఓపిక ఉన్నవారికి

17వ శతాబ్దపు మచిలీపట్నం అంత సందడి తెలుగు తీరం మరెప్పుడూ చూడలేదేమో. గోల్కొండ రాజ్యానికి అది సముద్రద్వారం. డచ్చివారు ఆ శతాబ్దపు మొదటి దశకంలోనే, ఇంగ్లీషువారు 1611లో ఇక్కడ వర్తకం మొదలుపెట్టారు. పారసీక, ఆర్మేనియా వర్తకులు సరేసరి. అందరికీ కావలసినది ఒకటే: అద్దకపు బట్ట.

స్నేహం కోసం ఈ పనిని దగ్గరగా చూడండి. ముతక బట్టను ఉతికి, కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఎండబెడతారు. అలా చేయకపోతే రంగు పాకిపోతుంది. పాత ఇనుమును బెల్లపు నీళ్లలో ఊరవేస్తే నలుపు తయారవుతుంది. ఎరుపు రావలసిన చోట ముందు పటిక నీళ్లు అద్దాలి, ఆ తర్వాత చిరివేరు వేసిన నీళ్లలో ఉడికించాలి. అద్దినప్పుడు లీలగా కనిపించిన గీత కాగులో ఎర్రగా తేలుతుంది. ఏటి ఒడ్డున బట్టలు పరిచి, ఆరిపోకుండా నీళ్లు చల్లుతూ గంటల తరబడి కూర్చోవాలి. ఆ గంటల్లో ఇద్దరు అమ్మాయిలు ఏం మాట్లాడుకుని ఉంటారు? నవల అక్కడే మొదలవుతుంది.

ఎడబాటుకు ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకటి గాలి. తెరచాప ఓడ తన గాలి వీచేటప్పుడే బయలుదేరాలి, ఎదురుగాలి కాలంలో తిరిగి రాలేదు. తుఫాను నెలల్లో తూర్పు తీరాన లంగరు వేసి నిలవడం ప్రాణగండం. కాబట్టి వెళ్లిన మనిషి రేపో మాపో వచ్చే ఆశ ఉండదు, వస్తే మరో రుతువులో రావాలి. ఈ ఎదురుచూపుకు ఒక లయ ఉంది, రచయితకు అది గొప్ప సాయం. రెండో దారి చీకటిది. కరువు ముంచుకొచ్చినప్పుడు అన్నం లేక అమ్ముడుపోయిన మనుషుల్ని డచ్చివారు ఈ తీరం నుంచి బటేవియాకు (నేటి జకార్తా), సింహళానికి బానిసలుగా తరలించారు. ప్రేమకథలో దీన్ని తాకాలంటే జాగ్రత్త కావాలి. అలంకారంగా వాడితే ఆ మనుషులకు రెండోసారి అన్యాయం చేసినట్టే.

ఇబ్బంది ఆధారాల భాషతోనే. లెక్కలు, ఉత్తరాలు డచ్చిలో, ఇంగ్లీషులో, పారసీలో ఉన్నాయి. అవి వర్తకుల కళ్లతో చూసినవి. అద్దకపు అమ్మాయి వాటిలో బట్ట ధరగానే కనిపిస్తుంది. ఆ ధర వెనక నుంచి ఆమెను బయటికి తీసుకురావడమే ఈ నవల రాసేవారి అసలు పని. ఏళ్ల తరబడి చదవగల ఓపిక ఉంటే ఇంతకన్నా సంపన్నమైన తీరం లేదు.

బందరులోనే మరో కాలం కూడా ఉంది. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయారు. ఆ ఒక్క రాత్రిని నవల నడుమ పెట్టుకుంటే, ముందు సగం ప్రేమ, తర్వాతి సగం బతికి బయటపడిన స్నేహితురాలు. నిర్మాణం సులువుగా అమరుతుంది. అయితే ఉప్పెన కథను మింగేస్తుందన్న భయం ఉంటుంది. ఆ రాత్రికి ముందే ప్రేమ ఏదో ఒక తీర్మానానికి దగ్గరపడి ఉండాలి, లేకపోతే ప్రకృతి వచ్చి రచయిత పని చేసిపెట్టినట్టవుతుంది.

కోరంగి: ఏడేళ్లలో మూడు దెబ్బలు

గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట, మడ అడవుల అంచున ఉన్న కోరంగి తెరచాప ఓడలకు పేరున్న రేవు. అక్కడ ఓడలు కట్టేవారు, మరమ్మతు చేసేవారు. ఈ రేవు కథ 1832లో మొదలై 1839తో ముగిస్తే చాలు. 1832–33లో నందన నామ సంవత్సరపు కరువు. 1834 నుంచి మారిషస్ చెరకు తోటలకు ఒప్పందపు కూలీల వలస. ఆ దశాబ్దంలోనే కోరంగి నుంచి కూడా తెలుగువారు ఓడెక్కారు. వారి సంతతి నేటికీ మారిషస్‌లో ఉగాది చేసుకుంటోంది. 1839 నవంబరు 25న ఉప్పెన. కరువు వలన ఒకడు ఒప్పందానికి తలవంచుతాడు, ఒప్పందం ముగిసి తిరిగి వచ్చేసరికి రేవే ఉండదు. ఇంత పకడ్బందీ ఎడబాటును చరిత్ర మరో చోట ఇవ్వలేదు.

ఆ ఉప్పెనలో పోయినవారి సంఖ్య మూడు లక్షలని తరచూ రాస్తుంటారు. ఆనాటి జనసంఖ్యను బట్టి ఆ లెక్కను అనుమానించేవారున్నారు. నవలకు ఆ అంకె అక్కరలేదు. ఒక వాడ, ఒక పడవ, ముగ్గురు మనుషులు చాలు.

ఇక్కడ స్నేహం ఇద్దరు మగవాళ్ల మధ్య పెడితే బాగుంటుందని నాకు తోస్తుంది: ఓడలు చెక్కే వడ్రంగి ఒకడు, తెప్ప మీద వేటకు వెళ్లేవాడు మరొకడు. తెప్ప అంటే విడివిడి దుంగలు తాళ్లతో బిగించి కట్టినది. ఒడ్డుకు రాగానే తాళ్లు విప్పి దుంగల్ని ఆరబెడతారు, మర్నాడు మళ్లీ కడతారు. వడ్రంగికి మేకు లేనిదే పని జరగదు, వేటగాడికి మేకుతో పనే లేదు. ఇద్దరి స్వభావాలూ ఈ తేడాలోంచే పుట్టించవచ్చు. సమస్యల్లా ఆధారాల సంగతే. అధికారుల నివేదికలు, తర్వాత అచ్చైన గోదావరి జిల్లా మాన్యువల్ ఉన్నా, వాడల్లోని జీవితాన్ని మీరే పోగు చేసుకోవాలి. మత్స్యకార కుటుంబాల నుంచి వచ్చిన రచయితకు ఇది లోటు కాదు. ఇంట్లో విన్న మాట, చేతికి తెలిసిన పని అతనికి అండగా ఉంటాయి.

భీమిలి: అందం ఎక్కువ, బలం తక్కువ

డచ్చి సమాధులు, కొండ వాలు, నది సముద్రంలో కలిసే చోటు. చూడగానే నవల రాయాలనిపించే ఊరు భీమునిపట్నం. 1825లో డచ్చివారు దీన్ని ఇంగ్లీషువారికి అప్పగించి వెళ్లిపోయారు. ఆ అప్పగింత రోజుల్లో ఒక డచ్చి యువకుడు, ఒక తెలుగు అమ్మాయి అన్న ఆలోచన అందరికీ వస్తుంది. రావడమే దాని బలహీనత. సమాధుల మీది పేర్లు చదివి పుట్టిన కథలో అమ్మాయికి ఇల్లు, పని, మాట ఉండవు, సొగసు మాత్రమే ఉంటుంది.

గోగునార ఎగుమతితో వెలిగిన భీమిలి నాకు ఎక్కువ నచ్చుతుంది. ఓడలు దూరాన ఆగేవి. కొబ్బరి తాళ్లతో పలకలు కుట్టిన మసూలా పడవలు కెరటాలను దాటుకుంటూ సరుకునూ మనుషుల్నీ చేరవేసేవి. 1933లో విశాఖ రేవు తెరుచుకున్నాక ఈ ఊరు మెల్లగా వెలవెలబోయింది. ఊరు క్షీణించడం ఒక్కసారిగా ఎవరినీ విడదీయదు, ఒక్కొక్కరినీ లాక్కుపోతుంది. పెద్ద ప్రేమకథకు అది చాలదు. నిశ్శబ్దంగా నడిచే కథానికకు సరిపోతుంది.

కాకినాడ నుంచి రంగూన్: నా మొగ్గు ఇటే

శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా ‘రంగం (రంగూన్) వెళ్లాడు’ అన్న మాట వినని ఊళ్లు తక్కువ. బియ్యం మిల్లుల్లో, రేవుల్లో కూలికి వేలమంది తెలుగువారు బర్మా వెళ్లారు. 1931 జనగణన నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. కూలీల్ని పోగుచేసే మేస్త్రీ ముందే బయానా ఇచ్చి మనిషిని కట్టేసుకునేవాడు, కూలి నుంచి అది తీరేదాకా అతను కదలలేడు. వెళ్లినవారిలో మగవాళ్లే ఎక్కువ కాబట్టి ఊళ్లో మిగిలేది ఆడవాళ్లు. నవలకు కావలసిన స్నేహం ఇక్కడే సిద్ధంగా ఉంది: ఒకే వీధిలో, ఒకే ఓడలో భర్తనో అన్ననో పంపిన ఇద్దరు.

కాకినాడ రేవులో అప్పట్లో నీటిలోతు చాలేది కాదు. పెద్ద ఓడ మైళ్ల దూరాన ఆగేది, ప్రయాణికులు పడవల్లో అక్కడికి చేరేవారు. అంటే వీడ్కోలు ఒడ్డున, పడవ దగ్గరే అయిపోతుంది. ఓడ కదిలేది ఒడ్డున ఉన్నవారికి ఆనవాలుగానే కనిపిస్తుంది. పడవ వెళ్లిపోయాక, ఓడ ఇంకా కదలక ముందు, ఇద్దరు ఆడవాళ్లు ఆ ఒడ్డున నిలబడ్డ సమయం ఒకటుంటుంది. వెళ్లినవాడు ఇంకా కనుచూపు మేరలోనే ఉన్నాడు, పిలిస్తే వినపడడు. ఇలాంటి సన్నివేశం మరే రేవూ మీకివ్వదు.

చరిత్ర కూడా మెట్లు మెట్లుగా అందుతుంది. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె, వారి స్థానంలో బర్మీయుల్ని పెట్టుకోవడం, సమ్మె ముగిశాక వారిని తీసేయడం, ఆపై తెలుగు కూలీల మీద దాడులు. 1937లో బర్మా భారత పాలన నుంచి విడిపోయింది. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాను బాంబులు. 1942 మార్చిలో నగరం పతనం. డబ్బున్నవారికి ఓడలు, విమానాలు దొరికాయి. కూలీలు అరకాన్ వైపు, మణిపూర్ వైపు కాలినడకన బయలుదేరారు, వేలమంది దారిలోనే పోయారు. ఎవరు పోయారో ఎవరు మిగిలారో ఊళ్లోవారికి ఏళ్ల తరబడి తెలియలేదు. చేజారిన ప్రేమకు ఇంతకన్నా నిజమైన పునాది ఏముంటుంది? చావు కబురైనా వస్తే ఏడ్చి ఊరుకుంటారు. ఏ కబురూ రాకపోవడమే అసలు కథ.

ఇంకో పోగు కూడా కలపవచ్చు. 1930 ఏప్రిల్ నుంచి శారదా చట్టం అమల్లోకి వచ్చి పద్నాలుగేళ్ల లోపు ఆడపిల్లల పెళ్లిని నిషేధించింది. ఆ చట్టం ఫ్రెంచి పాలనలోని యానాంలో లేదు. కాకినాడకు దగ్గర్లోని ఆ ఊరికి పిల్లల్ని తీసుకెళ్లి పెళ్లిళ్లు చేసేవారు, ఊరికి కల్యాణపురమన్న పేరే వచ్చింది. స్నేహితురాళ్లలో ఒకతె అలా యానాంలో పెళ్లయిన పిల్ల అనుకోండి. ఇద్దరి ఎదురుచూపులకూ మధ్య ఎంత తేడా ఉంటుందో ఊహించండి.

ఆధారాలకూ కొదవలేదు. ఆనాటి తెలుగు పత్రికలున్నాయి. 1914 నుంచి మద్రాసులో దినపత్రికగా వెలువడిన ఆంధ్రపత్రిక, 1902లో బందరులో మొదలైన కృష్ణా పత్రిక రెండూ తిరగేయదగ్గవే. కుటుంబాల్లో తాతల మాటలు ఇంకా పూర్తిగా చెరిగిపోలేదు. ఒక్క హెచ్చరిక మాత్రం చేస్తాను. కథ రెండు దేశాల మధ్య నడుస్తుంది కాబట్టి బర్మా మనుషుల్ని కేవలం శత్రువులుగా చూపే తొందర వద్దు. సమ్మె విరిచినవారికీ ఆకలి ఉంది. రంగూన్‌లో ఒక్క బర్మీయ స్నేహమైనా లేని నవల సగం కన్ను మూసుకుని రాసినట్టుంటుంది.

విశాఖ 1942: పైన చెప్పినదానికి కొనసాగింపుగా

1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డాయి, జనం ఊళ్లు వదిలి పోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం యుద్ధకాలంలో గుంటూరుకు తరలింది. చదువుకున్న అమ్మాయిల స్నేహం, వసతి గృహపు గది, ఆగిపోయిన పరీక్షలు రాయాలనుకునేవారికి ఇది ఆకర్షణీయమైన చోటు. కానీ ఊరు ఖాళీ చేసినవారు మళ్లీ వచ్చారు, ఎడబాటు తాత్కాలికం. ప్రేమ శాశ్వతంగా పోవడానికి సైన్యమో, ఆ ఆగస్టులో వచ్చిన క్విట్ ఇండియా ఉద్యమమో, మరొకటో వెతకాలి. విడిగా కన్నా రంగూన్ నవలకు చివరి భాగంగా పెట్టుకోవడమే మేలు. అడవులు దాటి వచ్చినవాడు చేరుకునేసరికి తన ఊరు ఖాళీగా ఉండటం చరిత్రే రాసిపెట్టిన ఘట్టం.

ఎవరికి ఏది

మొదటి నవల రాస్తున్నవారు రంగూన్ దారి పట్టండి. భాష చేతికి అందుతుంది, ఆధారాలు తెలుగులో ఉన్నాయి, తెలియనిది అడగడానికి మనుషులున్నారు. ఇప్పటికే రెండు మూడు నవలలు రాసి, చదువుకు సమయం కేటాయించగలిగినవారు బందరుకు వెళ్లండి. రంగుల పని చేసేవారిని బందరు దగ్గరి పెడనలో ఇప్పటికీ కలవవచ్చు. అచ్చులతో చేసే నేటి పద్ధతిలో, చేత్తో గీసిన నాటి పద్ధతిలో తేడా ఉందని మరవకండి. సముద్రం మీద బతికిన కుటుంబం మీదైతే కోరంగి మీకోసమే ఎదురుచూస్తోందని నా నమ్మకం. బయటివారు ఎంత చదివినా రాయలేని పేజీలు మీ దగ్గరున్నాయి. కవిత్వం వైపు మనసున్నవారికి మోటుపల్లి, కథానికల మీద చెయ్యి తిరిగినవారికి భీమిలి.

రెండు కాలాల్ని కలిపి, నేటి మనవరాలు నాటి ఉత్తరాలు కనుగొనే పద్ధతి చాలామందిని లాగుతుంది. పాత కథ సొంత కాళ్ల మీద నిలబడలేనప్పుడు ఆ మనవరాలు ఊతకర్రగా వస్తుంది. ముందు ఆమె లేకుండా రాసి చూడండి. అప్పటికీ కావాలనిపిస్తే చేర్చుకోవచ్చు.

ఇంకా తేల్చుకోలేకపోతే మనసుకు దగ్గరైన రెండు రేవుల్ని తీసుకుని, ఒక్కోదానికి ఒకే ఒక్క పేజీ రాయండి. వెళ్లినవాడు తిరిగి రాడని స్నేహితురాలికి తెలిసింది, ప్రేమించిన మనిషికి ఇంకా తెలియదు. ఆ సాయంత్రం ఇద్దరూ రోజూ చేసే పనే చేస్తున్నారు. ఏ రేవు పేజీలో ఆ పని పేరు, చేతిలోని వస్తువు పేరు, కబురు ఏ దారిన వచ్చిందో తడుముకోకుండా రాయగలిగారో ఆ రేవును తీసుకోండి. రెండో పేజీని పారేయకుండా దాచుకోండి, తర్వాతి నవలకు పనికొస్తుంది.